తొమ్మిదేళ్లుగా అదే వార్డు, ముగ్గురు కాంట్రాక్టర్లు: అమ్మ పీఎఫ్ ఎక్కడ పోయింది?

ప్రశ్న: మా అమ్మ వయసు 51. తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ సఫాయి కార్మికురాలు. 2016 సెప్టెంబర్ నుంచి అదే వార్డు ఊడుస్తోంది. ఇప్పటికి ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. జీతం 15,600 అంటారు, బ్యాంకులో 10,926 పడుతుంది. ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూస్తే 2022 తర్వాత పడిన డబ్బే కనిపిస్తోంది. 2019 నుంచి 2022 దాకా వేరే నంబరు మీద కట్టారట. ఆ డబ్బు తీసేసుకోమని ఇంటర్నెట్ సెంటర్ అతను అంటున్నాడు. అంతకు ముందు కాంట్రాక్టర్ ఏం కట్టాడో తెలియదు. మోకాలి నొప్పికి ఈఎస్ఐ ఆసుపత్రికి పోతే కార్డు నడవదన్నారు. అదే పని చేసే పర్మినెంట్ వాళ్ల జీతం అమ్మ జీతానికి మూడింతలుంటుంది. అడిగితే ‘ఇష్టం లేకుంటే మానెయ్’ అంటాడు సూపర్‌వైజర్. నేను డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాను. అమ్మ జాగాలో నన్ను పెట్టిస్తానని ఒకాయన 60 వేలు అడుగుతున్నాడు. ఏం చేయాలి?
– ఒక కూతురు, కరీంనగర్ జిల్లా

సమాధానం: ముందుగా, 2019–22 నంబరు మీదున్న డబ్బు ఇప్పుడు తీయకండి. మిగతావన్నీ నిదానంగా చక్కబెట్టుకోవచ్చు కానీ, ఇది ఒకసారి జరిగితే వెనక్కి తేవడం కష్టం.

పీఎఫ్ ఖాతాలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి దాచిన డబ్బు, రెండోది పెన్షన్ సర్వీసు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ పథకానికి పోతుంది. 58 ఏళ్లకు పెన్షన్ రావాలంటే మొత్తం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, అంతకు మించిన ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లున్నా సరిపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో సాధారణంగా ఫారం 19 (పీఎఫ్ డబ్బు), ఫారం 10సీ (పెన్షన్ డబ్బు) రెండూ కలిపి పెట్టేస్తారు. 10సీ కింద డబ్బు తీసుకుంటే ఆ మూడేళ్ల సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. చేతికొచ్చేది కొన్ని వేలు, పోయేది బతికినంత కాలం వచ్చే పెన్షన్‌లో భాగం.

లెక్క చూడండి. చివరి 60 నెలల సగటు జీతాన్ని (పరిమితి 15,000) సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. మీ అమ్మ 58 దాకా పనిచేస్తే 2022 నుంచి మాత్రమే లెక్కేసినా పదకొండేళ్లు కావచ్చు, అంటే నెలకు 2,357. పాత సర్వీసంతా కలిసి పదహారేళ్లయితే 3,428. తేడా వెయ్యి రూపాయలే కదా అనిపించవచ్చు. అసలు ప్రమాదం వేరే ఉంది: మోకాలి నొప్పితో మరో ఏడాదికో రెండేళ్లకో మానేయాల్సి వస్తే, 2022 నుంచి ఉన్న సర్వీసు పదేళ్లకు చేరదు, పెన్షనే ఉండదు. 2016 నుంచి ఉన్న పాతవన్నీ కలిపితే అప్పటికీ ఉంటుంది. ఇప్పుడు డబ్బు అవసరమైతే పనిలో ఉంటూనే ఫారం 31 కింద అడ్వాన్స్ అడగండి. వైద్యానికి ఇస్తారు, దానివల్ల పెన్షన్ సర్వీసుకు ఏమీ కాదు.

ఇక రెండు నంబర్లను ఒకటి చేయడం. యూఏఎన్ అనే 12 అంకెల నంబరు మనిషికి ఒకటే ఉండాలి. కాంట్రాక్టర్ మారినప్పుడు కొత్తవాడు పాత నంబరు అడగకుండా మళ్లీ పుట్టిస్తాడు, ఈ తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఇప్పుడు నడుస్తున్న యూఏఎన్‌ను ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో కలిపి, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో గానీ పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో గానీ లాగిన్ అయి, పాత ఖాతాను దీనికి బదిలీ చేయమని అడగాలి. ఆ దరఖాస్తు ఫారం 13. ఇక్కడ మూడు చోట్ల ఆగిపోతుంది.

మొదటిది, పాత కాంట్రాక్టర్ ‘పని మానేసిన తేదీ’ నమోదు చేసి ఉండడు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని మీ అమ్మే ‘మార్క్ ఎగ్జిట్’ దగ్గర నమోదు చేసుకోవచ్చు, కాంట్రాక్టర్ కాళ్లు పట్టుకోనక్కర్లేదు. అయితే ఆ తేదీ చివరి చందా పడిన నెలలోనే ఉండాలి. ఒకసారి వేశాక మార్చడం కష్టం గనుక పాస్‌బుక్‌లో చివరి నెల చూసుకుని వేయండి.

రెండోది పేరు, పుట్టిన తేదీ తేడాలు. ఆధార్‌లో ‘పోచమ్మ’ అని, పీఎఫ్‌లో ‘పోచవ్వ’ అని ఉంటే చాలు, బదిలీ తిరగ్గొడతారు. 2017 అక్టోబర్ 1 తర్వాత జారీ అయిన, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్‌లలో పేరు, పుట్టిన తేదీ వంటివి యజమాని ఆమోదం లేకుండానే దిద్దుకునే వీలు 2025 జనవరి నుంచి ఉంది. మీ అమ్మకు రెండో కాంట్రాక్టర్ తీసిన నంబరు 2019 నాటిది, మూడో కాంట్రాక్టర్ తీసినది 2022 నాటిది. కాబట్టి రెండింటికీ ఇది పనికొస్తుంది.

మూడోది తప్పేమీ కాదు గానీ చాలామంది దాన్ని చూసి బెంబేలెత్తుతారు. బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పెన్షన్ వాటా సున్నా అని కనిపిస్తుంది. పెన్షన్ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారదు. సర్వీసు కాలం మాత్రమే కలుస్తుంది. డబ్బు పోయిందని ఫిర్యాదు చేయకండి, సర్వీసు చరిత్రలో పాత సంస్థ పేరు, తేదీలు వచ్చాయో లేదో చూడండి.

ఇప్పుడు జీతం కోత. 15,600 అన్నది 2021 జూన్‌లో తెలంగాణ ఇచ్చిన జీవో 60లో ఔట్‌సోర్సింగ్ వారికి పెట్టిన మూడు స్థాయిల్లో (15,600, 19,500, 22,750) అన్నిటికంటే కిందిది. దానిలో కార్మికురాలి నుంచి కోయాల్సినవి మూడే: పీఎఫ్ 12 శాతం అంటే 1,872, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 117, వృత్తి పన్ను 150. పోను చేతికి 13,461 రావాలి. మీ అమ్మకు వస్తున్నది 10,926. తేడా 2,535.

ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. యజమాని కట్టాల్సిన పీఎఫ్, బీమా, నిర్వహణ ఖర్చు కలిపి 13 శాతం, అంటే 2,028. యజమాని ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 507. రెండూ కూడితే సరిగ్గా 2,535. అంటే కాంట్రాక్టర్ తన వాటాను కూడా మీ అమ్మ జీతంలోంచే కోస్తున్నాడు. యజమాని వాటాను కార్మికుల జీతం నుంచి రాబట్టడం పీఎఫ్, ఈఎస్ఐ రెండు చట్టాల్లోనూ నిషిద్ధం. ‘15,600 అన్నది అన్నీ కలిపిన మొత్తం’ అని కాంట్రాక్టర్ వాదిస్తాడు. అది నిజమో కాదో ఒప్పంద పత్రం చూస్తే తేలుతుంది. మున్సిపాలిటీ తనకు జీతం, యజమాని వాటా, కమిషన్ వేర్వేరుగా చెల్లిస్తోందని అందులో ఉంటే వాదన అక్కడితో సరి.

ఇంకో మోసం పాస్‌బుక్‌లో దాగి ఉంటుంది. నెల నెలా మూడు గడులు చూడండి. జీతం 15,600 మీద సరిగా కడితే ఉద్యోగి వాటా 1,872, యజమాని వాటా 622, పెన్షన్ 1,250 ఉండాలి. ఉద్యోగి వాటా 900 అని కనిపిస్తే జీతాన్ని 7,500గా చూపించారన్నమాట. లేదంటే నెలలో సగం రోజులు పనికి రాలేదని రాశారు. రెండోది మరీ చేటు. చందా పడని రోజులుగా నమోదైనవి పెన్షన్ సర్వీసులోంచి తగ్గిపోతాయి. రోజూ తెల్లవారకముందే పనికెక్కే మనిషికి కాగితం మీద సగం నెల గైర్హాజరు!

కాంట్రాక్టర్ కట్టాడో లేదో బయటివాళ్లు కూడా చూసే దారి ఉంది. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థల వెతుకులాట దగ్గర కాంట్రాక్టర్ సంస్థ పేరు కొడితే, ఏ నెలకు ఎంత కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది కనిపిస్తుంది. వార్డుల్లో 60 మంది పనిచేస్తుంటే 35 మందికే కట్టినట్టుంటే ఆ పేజీని ప్రింటు తీసి దాచండి.

2016–19 మధ్య మొదటి కాంట్రాక్టర్ సంగతికి సమాచార హక్కే ఆయుధం. దరఖాస్తు మున్సిపాలిటీ పౌర సమాచార అధికారికి, మీ అమ్మ పేరు మీద, ఆమె సంతకంతో పెట్టండి. మీరు పెడితే వేరేవాళ్ల వ్యక్తిగత వివరమని తిప్పికొడతారు. రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. ‘నాకు న్యాయం చేయండి’ అని రాయకండి, ఫలానా కాగితం కావాలని రాయండి. 2016 సెప్టెంబర్ నుంచి పారిశుధ్య పనుల ఒప్పంద పత్రాల నకళ్లు, ప్రతి కాంట్రాక్టర్ పీఎఫ్, ఈఎస్ఐ కోడ్ నంబర్లు, నెలవారీ బిల్లులతో జతచేసిన పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, నా పేరున్న వరకు హాజరు పట్టీ, జీతాల పట్టీ (మిగతావారి పేర్లు కొట్టేసి ఇవ్వవచ్చు). కాంట్రాక్టర్ బిల్లు పాస్ కావాలంటే చలాన్లు చూపాలన్న షరతు ఒప్పందాల్లో మామూలుగా ఉంటుంది. కాబట్టి ఫైల్లో అవి ఉండాలి. లేకుండానే బిల్లు ఇచ్చి ఉంటే ఆ తప్పు మున్సిపాలిటీది, అదే మీకు బలమైన పాయింటు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఇంతకీ మున్సిపాలిటీని ఎందుకు పట్టుకోవాలంటే, కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నా అసలు యజమాని అదే. కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టకపోతే అసలు యజమాని కట్టి, ఆ మొత్తం కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. ఈఎస్ఐ, బకాయి జీతం విషయంలోనూ అంతే. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చి చట్టాల పేర్లు మారినా ఈ బాధ్యత పోలేదు. మొదటి కాంట్రాక్టర్ ఊరు వదిలిపోయాడంటే కమిషనర్ చేతులు దులుపుకోలేరు. కానీ ఒక చిక్కుంది. కొత్త సామాజిక భద్రతా కోడ్ ప్రకారం బకాయి పడిన నాటి నుంచి ఐదేళ్లు దాటితే విచారణ మొదలుపెట్టే వీలు లేదు. ఆ లెక్కన 2016–19 నాటి ఎగవేత మీద పీఎఫ్ ఆఫీసు ‘గడువు దాటింది’ అనే అవకాశం ఉంది. ఉన్నమాట చెప్పాలంటే ఆ మూడేళ్లు వస్తాయని మాట ఇవ్వలేం. కాంట్రాక్టర్ అప్పట్లో కట్టే ఉండి, నంబరు మాత్రం మీకు తెలియకపోతే గడువు సమస్యే లేదు, అది ఖాతా వెతికి కలుపుకునే పని. ఆశ ఎక్కువగా అక్కడే. ఆ కాంట్రాక్టర్ పీఎఫ్ కోడ్ నంబరు దొరకగానే పీఎఫ్ ప్రాంతీయ ఆఫీసుకు ఆధార్, పాత గుర్తింపు కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుపోండి. ప్రతి నెల 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో పీఎఫ్ అధికారులు కూర్చుంటారు, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. జీతం కోత బకాయిలు అడగడానికి వేతన కోడ్ కింద మూడేళ్ల గడువు. అందుకే అక్కడ ఆలస్యం చేసిన ప్రతి నెలా వెనకనుంచి ఒక నెల కోత పోతుంది.

రుజువుల్లో బ్యాంకు స్టేట్‌మెంట్‌ను మించింది లేదు. జీతం వేసిన సంస్థ పేరు, తేదీ, మొత్తం మూడూ ఒక్క వరుసలో ఉంటాయి. 2016 నుంచి మొత్తం ముద్ర వేయించి తీసుకోండి.

ఈఎస్ఐ కార్డు ఎందుకు నడవలేదో తెలియాలంటే దాని క్యాలెండర్ తెలియాలి. ఏప్రిల్–సెప్టెంబర్‌లో కట్టిన చందాకు తర్వాతి జనవరి–జూన్‌లో, అక్టోబర్–మార్చి చందాకు జూలై–డిసెంబర్‌లో ప్రయోజనం వస్తుంది. కాంట్రాక్టర్ ఆర్నెల్లు ఎగ్గొడితే ఆ దెబ్బ మూడు నెలలు ఆగి తగులుతుంది. ఇవాళ అందరికీ సరిగా కడుతున్నా ఆసుపత్రి కంప్యూటర్ అర్హత లేదని చూపడానికి ఇది ఒక కారణం. రెండో కారణం, కొత్త కాంట్రాక్టర్ పాత ఈఎస్ఐ నంబరు వాడకుండా కొత్తది తీయడం. అప్పుడు పాత చందాలన్నీ వేరే నంబరు మీద ఉండిపోతాయి. దగ్గరలోని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రెండు నంబర్లూ చూపించి కలపమని రాతపూర్వకంగా అడగండి. వాళ్ల ఉచిత ఫోన్ నంబరు 1800112526. చందా కట్టకపోవడం యజమాని తప్పయితే, కార్మికురాలికి రావాల్సింది ఈఎస్ఐ కార్పొరేషన్ ఇచ్చి యజమాని నుంచి వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. అందుకని ఈలోపు ప్రైవేటులో చూపించుకుంటే బిల్లులు, చీటీలు పారేయకండి. పనిలో దెబ్బ తగిలితే మాత్రం ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతే లేదు, చేరిన మొదటి రోజుకైనా వర్తిస్తుంది. ఊడుస్తుంటే బండి గుద్దినా, గాజుపెంకు కోసినా ఆ రోజే ప్రమాద నివేదిక రాయించండి. సూపర్‌వైజర్లు దాన్ని ‘ఇంటి దగ్గర పడింది’ అని రాస్తుంటారు, సంతకం పెట్టే ముందు చదవండి.

ఫిర్యాదు ఎవరు చేయాలన్నది చివరి మాట కాదు, మొదటి మాట. మీ అమ్మ ఒక్కతే పోతే రేపటి నుంచి రావద్దంటారు, సూపర్‌వైజర్ చెప్పకనే చెప్పాడు. అదే కోత అదే కాంట్రాక్టర్ కింద అందరికీ పడుతుంది కాబట్టి, పది పదిహేను మంది పాస్‌బుక్‌లు, స్టేట్‌మెంట్లు కలిపి యూనియన్ లెటర్‌హెడ్ మీద పెట్టాలి. మున్సిపల్ కార్మికుల యూనియన్లు దాదాపు ప్రతి పట్టణంలో ఉన్నాయి. కోతకు సహాయ కార్మిక అధికారి, పీఎఫ్‌కు ప్రాంతీయ కమిషనర్, ఈఎస్ఐకి బ్రాంచి మేనేజర్, ప్రతిదాని నకలు మున్సిపల్ కమిషనర్‌కు. అందినట్టు ముద్ర వేయించుకోండి. జీతంలో కోసి కట్టకుండా ఉంచుకున్న పీఎఫ్ నేరపూరిత నమ్మకద్రోహం కిందికి వస్తుంది, ఆ ముక్క ఫిర్యాదులో రాయండి. కాంట్రాక్టర్లు కోర్టుకంటే దీనికే ఎక్కువ కదులుతారు, ఎందుకంటే కేసు పడితే తర్వాతి టెండర్ పోతుందని భయం.

పర్మినెంట్ వాళ్లతో సమాన జీతం గురించి. ఆ కోపం న్యాయమైనదే. ఊళ్లలో ఈ పనిలో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలే, పర్మినెంట్ పోస్టులు ఖాళీ అయిన కొద్దీ ఆ జాగాలన్నీ కాంట్రాక్టులోకి పోయాయి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం అంది. అయితే అది ప్రభుత్వం నేరుగా పెట్టుకున్నవారి సంగతి. ఏజెన్సీ ద్వారా వచ్చినవారికి దాన్ని వర్తింపజేయడం పెద్ద పోరు, యూనియన్ భుజాన వేయాల్సింది. నెలకు 2,535 రాబట్టడం అలా కాదు, కాగితాలుంటే గెలిచే పని. ముందు దాని వెంట పడండి.

ఆ 60 వేలు ఇవ్వకండి. ఔట్‌సోర్సింగ్ కొలువుకు వారసత్వం లేదు, ‘అమ్మ జాగా’ అని కాగితం మీద ఒక పోస్టే లేదు. టెండర్ మారితే కొత్త కాంట్రాక్టర్ మళ్లీ అడుగుతాడు. అమ్మ చేతికొచ్చే ఐదున్నర నెలల జీతం అది. పారిశుధ్య కార్మికులకు, వాళ్ల పిల్లలకు జాతీయ సఫాయి కర్మచారుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ తక్కువ వడ్డీ రుణాలు, నైపుణ్య శిక్షణ ఇస్తుంది. ఢిల్లీకి రాయనక్కర్లేదు, రాష్ట్రంలో దాని పనులు చూసే సంస్థ ద్వారా దరఖాస్తు పోతుంది. జిల్లా షెడ్యూల్డ్ కులాల కార్పొరేషన్ ఆఫీసులో అడగండి. ‘పీఎం దక్ష్’ శిక్షణల్లోనూ సఫాయి కార్మికుల కుటుంబాలకు చోటుంది. రెండింటికీ అమ్మ ఈ పనే చేస్తోందన్న ధ్రువపత్రం కావాలి. దాన్ని కాంట్రాక్టర్‌ను కాదు, మున్సిపల్ కమిషనర్‌ను అడగండి. మీ తమ్ముడో చెల్లో నీట్ రాసేవాళ్లుంటే మరో సంగతి: సనత్‌నగర్‌లో ఉన్నటువంటి ఈఎస్ఐ వైద్య కళాశాలల్లో బీమా ఉన్న కార్మికుల పిల్లలకు విడిగా సీట్లుంటాయి. దానికి చందాలు తెగకుండా ఉండాలి. ఈఎస్ఐ నంబర్లు కలపడం మోకాలి నొప్పి కోసమే కాదన్నది అందుకే.

చివరగా ఇవాళే చేయదగ్గది. పీఎఫ్ ఖాతాలో ఈ-నామినేషన్ ఉందో లేదో చూడండి. పనిలో ఉండగా మనిషికి ఏమైనా జరిగితే, ఏడాది సర్వీసుంటే పీఎఫ్ బీమా కింద కుటుంబానికి కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. నామినీ లేకపోతే ఆ డబ్బు కోసం కుటుంబ సభ్యుల ధ్రువపత్రమని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఫోటో, ఆధార్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకుంటే కాసేపట్లో అయిపోతుంది. చివర ఆధార్ ఓటీపీతో ఈ-సంతకం పెడితేనే అది చెల్లుతుంది, చాలామంది అక్కడిదాకా వచ్చి ఆపేస్తారు.